రోడ్డు లేని ఊరికి అల్లుడొచ్చాడు

“రోడ్డు బాగుంటే ఎవడైనా వెళ్తాడు. అందులో గొప్పేటుంది?” అన్నారు రమేష్‌బాబు, మోకాలికి తొడుక్కునే ప్లాస్టిక్ కవచాన్ని ఇడ్లీల గిన్నె పక్కన పెట్టి.

“ఆ ముక్క పెళ్ళయిన కొత్తలో చెప్పుంటే బాగుణ్ణు,” అంది సుహాసిని. “రోడ్డు బాగోదనే కదా మీరు ఇన్నేళ్ళూ మా ఊరు రానిది.”

“అది వేరు, ఇది వేరు. మీ ఊరిది బాగులేని రోడ్డు. ఇది ఆఫ్‌రోడ్డు.”

“తేడా ఏటి?”

“ఆఫ్‌రోడ్డుకి మనం కావాలని వెళ్తాం.”

మూల పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న రమేష్‌బాబు తల్లి జగ్గమ్మ తలెత్తింది. “ఒరే, ముందు ఆ మోకాటి సిప్పలు టిఫినుకాడ నుంచి తియ్. ఏది తినీదో ఏది తొడిగీదో తెలకుండా ఉన్నాది.”

ఈ వాదన నిన్న సాయంత్రం టీ దగ్గర మొదలై, రాత్రి భోజనాల దగ్గర ముదిరి, తెల్లారేసరికి ఇడ్లీల దగ్గరికి చేరింది. దీన్ని ఇక్కడ కాసేపు ఆపి, చదువరులకు ఒక మనవి.

నడివయసు మగవాళ్ళు జట్టుగా మోటార్ సైకిళ్ళెక్కి, దారీ తెన్నూ లేని కొండల్లో పడి దొర్లడం మన సంసారాలకు దొరికిన గొప్ప వరం. నవ్వకండి. దీని విలువ తెలియని ఇల్లాళ్ళు కొందరు దాన్ని పిచ్చి అంటున్నారు. వాళ్ళ అజ్ఞానాన్ని పోగొట్టడానికే విజయనగరంలో టైల్సూ బాత్రూమ్ సామాన్లూ అమ్ముకునే రమేష్‌బాబు గారి కథ చెప్పవలసి వస్తోంది.

ఆయన ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కోసం మేడ మీద చదువుకుంటున్న కూతురు శ్రావణిని కిందికి పిలుస్తారు. అదే మనిషి కొండ మీద, గాలికి ఆరిపోయే బుల్లి స్టవ్వు మీద, ఏడుగురికి ఉప్మా చేశారు. ఆ ఫోటో సుహాసిని కళ్ళారా చూసింది. పోపు మాడలేదు. జీడిపప్పు కూడా వేశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదని ఆమె నమ్మింది. తెలియనిది ఇంట్లో ఉప్పు డబ్బా మాత్రమేనని ఈ బళ్ళు వచ్చాకే తేలింది. ఇంత విజ్ఞానం ఇంట్లో కూర్చుంటే వచ్చేదా?

అరకు వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక్క నిమిషం కారాపమంటే ‘టైమ్ పోతుంది’ అనే మనిషి, జట్టులో ఎవడి చైను వదులైనా అందరి బళ్ళూ ఆపిస్తారు. ఎవరినీ వెనక వదలకూడదని వాళ్ళ నియమం. ఎంత చక్కటి నియమం! పెళ్ళాన్నీ పిల్లల్నీ జనంలో వెనక వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచిపోయే జాతికి ఈ సంగతి ఎవరు నేర్పగలిగారు? బడి నేర్పిందా? తల్లి నేర్పిందా? బురద నేర్పింది.

ఇక ఆ బురద ఊరికే పోతోందా? ఒక్కసారి వెళ్ళొచ్చిన బట్టలు నానబెడితే, బకెట్ అడుగున మిగిలిన ఎర్రమట్టి రెండు బంతి మొక్కలకు సరిపోతుంది. సుహాసిని డాబా మీద ఇప్పుడు మూడు మండలాల మట్టి ఉంది. కనకాంబరాలకు సాలూరు వైపు మట్టి పడలేదు గాని, బంతి బాగా పూస్తోంది.

జట్టు పేరు రోడ్‌లెస్ రైడర్స్. ఎనిమిది మంది. కెప్టెన్ మోహనకృష్ణ గారు పళ్ళ డాక్టరు. వారం పొడుగునా ఇతరుల నోళ్ళలో గోతులు పూడ్చి, ఆదివారం గోతులు వెతుక్కుంటూ వెళ్తారు. మనిషికి సమతూకం ఉండాలి కదా.

ఇప్పుడు సుహాసిని గొడవేమిటో వినండి. అది మరీ చిన్నది.

ఆమె పుట్టినూరు శృంగవరపుకోట అవతల, కొండ మడతలో ఉన్న జీలుగువలస. చివరి నాలుగైదు కిలోమీటర్లూ మట్టి బాట. ఊరి ముందు ఒక గెడ్డ. మామూలు రోజుల్లో చీలమండ లోతు పారుతుంది. కొండ మీద వాన పడితే మాత్రం దానికి పౌరుషం వస్తుంది. ఆ ఊళ్ళో ఆమె తమ్ముడు యుగంధర్ కొంచెం వరీ, కొంచెం మొక్కజొన్నా, జీడితోటా చేసుకుంటున్నాడు.

రమేష్‌బాబు గారు ఆ బాటను శాస్త్రీయంగా పరిశీలించి తేల్చిందేమిటంటే, అది వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. చలికాలం మంచు మూలాన గోతులు కనబడవు. కారు అడుగు తగులుతుంది. కాబట్టి వెళ్ళడానికి అనువైన కాలం ఏదీ లేదు.

ఏడేళ్ళకోసారి అక్కడ అసిరితల్లి పండగ చేస్తారు. పసుపు రాసిన కుండకు వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి, ఇంటికొక ఘటం చొప్పున ఊరేగిస్తారు. సుహాసిని పుట్టింటి ఘటాన్ని ఆ ఇంటి ఆడపడుచు ఎత్తాలి. ఆమె తల మీదికి దాన్ని అందించవలసింది ఆమె పెనిమిటి. మరొకరు అందించకూడదు. మేనత్త తర్వాత ఆ వంతు సుహాసినికి వచ్చింది. వచ్చాక రెండు పండగలు జరిగాయి. రెండుసార్లూ రోడ్డు బాగోలేదు.

ఈ మే నెలలో మూడోది. పెద్దలు ముందే మాట పంపారు. మూడోసారి కూడా మనిషి రాకపోతే వంతు పోతుంది. చినాన్న కూతురు శైలజ పేరు చదివేస్తారు. ఆ తర్వాత ఆ ఘటం తిరిగి ఆ ఇంటికి రాదు.

ఘటాలు మంగళవారం. రైడు శని, ఆదివారాలు.

“ఆదివారానికి వచ్చేస్తారు కదా. సోమవారం పొద్దున్న బయల్దేరుదాం,” అంది సుహాసిని, ఇడ్లీ మీద చట్నీ వేస్తూ.

“రెండ్రోజులు కొండల్లో తిరిగొచ్చి, మళ్ళీ ఆ రోడ్డులోనా? నా నడుం ఏటవుతాది?”

సుహాసిని చట్నీ గరిటె గిన్నెలో పెట్టింది. చదువరులు గమనించాలి. వాదన అక్కడితో ముగిసింది. నడుం అనే మాటకు ఏ ఇల్లాలి దగ్గరా జవాబు లేదు. ఆఫ్‌రోడింగ్ వల్ల ఇళ్ళల్లో శాంతి వర్ధిల్లుతుందనడానికి ఇదొక్కటి చాలు.

శనివారం తెల్లవారుతూనే ఎనిమిది బళ్ళూ వీధి వీధంతా లేపి వెళ్ళిపోయాయి. అనంతగిరి కొండలెక్కి, పటంలో గీత కూడా లేని దారుల్లో తిరిగి, ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తారని ఏర్పాటు. ఆ రోజంతా ఫోటోలు వచ్చాయి. రాయి మీద రమేష్‌బాబు. రాయి పక్కన రమేష్‌బాబు. రాయి కింద బండి. ‘మనిషి అడుగు పెట్టని చోటు’ అని ఒక ఫోటో కింద రాశారు. వెనకాల తాడు మీద ఎవరివో లంగాలు ఆరుతున్నాయని శ్రావణి చూపించింది.

ఆదివారం ఫోటోలు ఆగిపోయాయి. కొండ మీద మబ్బు పట్టింది. మధ్యాహ్నం దాటాక సుహాసిని ఫోన్ మోగింది. యుగంధర్.

“అక్కా, బావ వచ్చీసినాడు. నువ్వేటి, ఎనక ఆటోలో వత్తన్నావా?”

“ఏ బావ?”

“నాకెంతమంది బావలున్నారేటి? మన బావే. ఏడుగుర్ని ఎంటబెట్టుకుని, కొండ దిగి వచ్చినాడు. ఊరు ఊరంతా సంబరపడతన్నాది. నువ్వు లేవేటని అందరూ అడుగుతన్నారు.”

సుహాసిని గోడకు ఆనుకుని నిలబడింది. ఫోను యుగంధర్ భార్య తులసి లాక్కుంది. జరిగింది జరిగినట్టు చెప్పగలిగే మనిషి ఆమే.

కొండ మీద గాలివాన పట్టుకుంది. కెప్టెన్ గారి ఫోన్‌లో పటం ఆగిపోయింది. ఆయన చేత్తో చూపించిన దిక్కుకు అందరూ దిగారు. ఒకాయన బండితో సహా తుప్పల్లోకి వెళ్ళి వచ్చాడు. దిగగా దిగగా జీడితోట, అది దాటితే ఊరు. తల నుంచి కాలి దాకా ఎర్రమట్టి, ఛాతీకి కవచాలు, నెత్తిన ముక్కు పొడుచుకొచ్చిన టోపీలు. ఊళ్ళో పిల్లలు చూసి, పండక్కి పగటివేషాల వాళ్ళొచ్చారని డప్పు కొట్టుకుంటూ ఎదురెళ్ళారు.

ఊరి పెద్ద కూర్మయ్య కూడా అలాగే అనుకున్నాడు. “మీది ఏ ఊరి మేళం బాబూ? ఒక రోజు ముందే వచ్చీసేరే,” అన్నాడు.

మోహనకృష్ణ గారు టోపీ తీసి, “మేం మేళం కాదండీ. ఎవరూ చూడని ప్రదేశాలు చూడ్డానికి వచ్చాం,” అన్నారు.

“సూడండి,” అన్నాడు కూర్మయ్య. “మేం రోజూ సూత్తన్నాం.”

అప్పుడు రమేష్‌బాబు దగ్గారు. ఆ దగ్గు యుగంధర్ ఆనవాలు పట్టాడు. “బావా, పండక్కొచ్చినావా?” అంటూ వచ్చి బురదతో సహా కావలించుకున్నాడు.

నిజం చెప్పడానికి ఆయనకు అక్కడొక అవకాశం ఉంది. ‘దారి తప్పాం’ అంటే సరిపోయేది. కాని పక్కన జట్టుంది. రోడ్‌లెస్ రైడర్స్ దారి తప్పరు. పైగా కూర్మయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. రెండు పండగలు రాని అల్లుడు, ఆటోలో కాదు, బస్సులో కాదు, అసిరితల్లి కోసం కొండలు దాటి వచ్చాడు.

“అవును. పండక్కే,” అన్నారు రమేష్‌బాబు.

నాటుకోడి వండారు. ఎనిమిది మందీ మూడేసి మార్లు వడ్డించుకున్నారు. చేతులు కడుక్కుని బళ్ళ దగ్గరికి వెళ్తుంటే అప్పుడు చెప్పాడు కూర్మయ్య. ఆ పొద్దున్నే అమ్మవారి రాట పాతారు. రాట పాతాక ఊళ్ళో మెతుకు తిన్నవాడెవడైనా, మంగళవారం ఘటాలు దిగేదాకా పొలిమేర దాటకూడదు. బయటి నుంచి లోపలికి రావచ్చు. లోపలి నుంచి బయటికి పోకూడదు.

“నాకు రేపు పొద్దున్న రూట్ కెనాల్ ఉందండీ,” అన్నారు డాక్టరు గారు.

“పోండి బాబూ. పోతే ఊరికేటీ కాదు,” అన్నాడు కూర్మయ్య, బళ్ళ ముందు పీట వేసుకుని కూర్చుని. “దారిలో మీకేటైనా అయితే మాకు మాటొస్తాది. అదీ మా బాద.”

ఎనిమిది మందిలో ఆరుగురు తమకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని చెప్పుకునేవారు. ఆ ఆరుగురే ముందు తాళాలు జేబులో వేసుకున్నారు.

తులసి నవ్వు ఇంకా ఆగకుండానే ఫోను రమేష్‌బాబు చేతికి వెళ్ళింది.

“సుహా, రేపు నువ్వు రావాలి.”

“రోడ్డు బాగోదు కదండీ.”

అవతల ఆయన డప్పు చప్పుడు మీదుగా గొంతు పెంచారు.

“ఆటోలు వస్తున్నాయి. వీధి చివర మా బండి జారిన బురదలోంచే ఒకటి వెళ్ళింది. పదిమంది ఉన్నారందులో. వచ్చేటప్పుడు నా లుంగీలూ, నడుం బెల్టూ తీసుకురా.”

జగ్గమ్మ అప్పటికే ట్రంకుపెట్టె తెరిచింది. “నానూ వస్తాను. నా కొడుకు ఒకలికి ఏదైనా ఎత్తి ఇయ్యడం పుట్టి బుద్దెరిగి సూళ్ళేదు. ఆ ముచ్చట సూడొద్దేటి?”

అందుకే అంటున్నాను. ఏ పెద్దమనిషి మధ్యవర్తిత్వం చేస్తే ఆ అల్లుడు ఆ ఊరికి వెళ్ళేవాడు? ఎన్ని ఏడుపులు ఏడిస్తే వెళ్ళేవాడు? ఒక్క ఆఫ్‌రోడ్డు రైడు ఆ పని చేసింది. భార్యను తీసుకెళ్ళడం మరిచిపోయిన మాట నిజమే. ప్రతి గొప్ప ప్రయత్నంలోనూ చిన్న లోటు ఉంటుంది.

సోమవారం శ్రావణితో కలిపి ముగ్గురూ శృంగవరపుకోట దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో బయల్దేరారు. పెద్ద తొందరేమీ లేనట్టే ఉంది గాని, ఉంది. ఆ సాయంత్రం దీపాల వేళకు ఆడపడుచు పుట్టింట్లో కూర్చుని ఘటానికి పసుపు దంచాలి. రోకలి చప్పుడు వినబడకపోతే కూర్మయ్య శైలజ పేరు చదువుతాడు. శైలజ నాలుగు రోజుల ముందే వచ్చి కూర్చుంది.

ఆటో గెడ్డ దగ్గర ఆగింది. కొండ మీద మళ్ళీ వాన పడింది. నీళ్ళు ఎర్రగా, మోకాళ్ళు దాటి పారుతున్నాయి. “ఇంజన్లోకి నీళ్ళెల్లిపోతాయమ్మా. తగ్గేదాకా ఆగాల,” అన్నాడు ఆటో అబ్బాయి.

అవతలి ఒడ్డున రమేష్‌బాబు బండితో సహా నిలబడి ఉన్నారు. నడుము లోతు నీళ్ళలో పోగలదని ఆయన ఆ బండిని కొన్నారు. సీలేరు వైపు ఒక వాగులో ఊరికే అటూ ఇటూ మూడుసార్లు దాటించి వీడియో కూడా తీయించుకున్నారు. బండి సిద్ధంగా ఉంది. మనిషి సిద్ధంగా ఉన్నాడు. కాని పొలిమేర ఆ గెడ్డే. ఆయన పక్కన కూర్మయ్య పీట వేసుకుని కూర్చున్నాడు.

“బాబూ, సెక్రం తడిస్తే దాటినట్టే లెక్క,” అన్నాడు కూర్మయ్య మర్యాదగా.

సుహాసిని ఆకాశం చూసింది. ఒడ్డున మద్దిచెట్టు నీడ అప్పుడే నీళ్ళ మీదికి పొడుగ్గా పడుతోంది. ఇవతల ఆగితే వంతు పోతుంది. ఆమె సంచీని నెత్తిన పెట్టుకుంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపింది.

“అమ్మా, నాన్న రారా?” అంది శ్రావణి.

“నాన్నకి దారి బాగుంది గాని, రాకూడదు. నువ్వు మామ్మ చెయ్యి పట్టుకో.”

“నన్ను ఒకలు పట్టుకోనక్కర్లేదు,” అంది జగ్గమ్మ, చెప్పులు చేతిలోకి తీసుకుని. “నాట్లేసిన కాళ్ళివి. మీరు నా ఎనకాల రండి.”

ముగ్గురూ నీళ్ళలోకి దిగారు. అడుగున రాళ్ళు జారుతున్నాయి. మధ్యకు వచ్చేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. శ్రావణి ఒకసారి తూలి, తల్లి నడుం పట్టుకుని నిలదొక్కుకుంది. అవతలి ఒడ్డు నుంచి రమేష్‌బాబు దారి చెప్పడం మొదలుపెట్టారు.

“ఎడంపక్కకి రండి. బరువు వెనక్కి వెయ్యండి. చూపు ముందుకుండాలి. నీళ్ళవైపు చూడొద్దు.”

“ఒరే, నువ్వు కాసేపు నోర్ముయ్,” అంది జగ్గమ్మ నీళ్ళలోంచి. “మాకు అడుగు తెలడం లేదు.”

ఒడ్డెక్కాక ఆయన చెయ్యి అందించారు. సుహాసిని ఆ చేతికి తడిసిన సంచీ అందించి, ముందుకు నడిచింది. దీపాల వేళకు యుగంధర్ ఇంట్లో రోకలి చప్పుడు వినిపించింది. రోడ్‌లెస్ రైడర్స్ ఎనిమిది మందీ వసారాలో వరసగా కూర్చుని, అరువు లుంగీల్లో, ఆ చప్పుడు విన్నారు.

మంగళవారం రమేష్‌బాబు ఘటాన్ని రెండు చేతులా ఎత్తి భార్య తల మీద పెట్టారు. ఆయన నడుం ఏమీ అనలేదు. సుహాసిని వీధులన్నీ తిరిగి, గుడి ముందు ఘటం దించేదాకా దీపం ఆరలేదు. శైలజే ఎదురొచ్చి ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసింది.

బుధవారం పొద్దున్న పొలిమేర తెరిచారు. ఎండ కాసింది. గెడ్డ మళ్ళీ చీలమండ లోతుకు దిగిపోయింది. వీధిలో ఏడు ఇంజన్లు మోగుతున్నాయి. యుగంధర్ ఇంటి వసారాలో అందరూ చద్దన్నాల దగ్గర కూర్చున్నారు. రమేష్‌బాబు మోకాటి కవచం ఒకటి తొడుక్కుని, రెండోది వెతుక్కుంటున్నారు.

“అవి ఇప్పుడు అక్కర్లేదండీ,” అంది సుహాసిని. ఇంకొంచెం కూర వెయ్యనా అని అడిగే గొంతుతోనే అంది. “బండి ఇక్కడే ఉంటాది. తాళం తమ్ముడికిచ్చేను. తోటలోంచి జీడిగింజల బస్తాలు దింపుకోడానికి పనికొస్తాదన్నాడు.”

యుగంధర్ కంచంలోకి చూస్తూ మెతుకులు సర్దుకున్నాడు. జగ్గమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. రమేష్‌బాబు వీధిలోకి చూశారు. కెప్టెన్ గారు టోపీ పట్టీ బిగించుకోవడంలో చాలా శ్రద్ధగా ఉన్నారు.

“మనం నలుగురం మధ్యాహ్నం బస్సుకి పోదాం,” అంది సుహాసిని. “మీకు బండెక్కాలనిపించిన ఆదివారం ఒక రోజు ముందు చెప్పండి. మా ఊరికి నేనూ వస్తాను.”